పట్టమా? విమానమా?

ఇంటరు పరీక్షలు ముగిసిన వెంటనే మన యిండ్లలో ఒక విచారము మొదలగును. బిడ్డ ఏ మార్గమున పోవలెను? వెనుకటి తరమున ఈ ప్రశ్న వైద్యమా, ఇంజనీరింగా, న్యాయశాస్త్రమా అను రూపమున నుండెడిది. ఆ మార్గములన్నియు విశ్వవిద్యాలయపు గడప దాటియే పోవునవి గనుక దేని నెన్నుకొన్నను తల్లిదండ్రులకు మూలమున సందేహము లేకుండెను. ఇప్పుడు కొన్ని కుటుంబములలో మరియొక మాట వినవచ్చుచున్నది. పదునెనిమిదేండ్ల కుమారుడో కుమార్తెయో కళాశాలలో చేర నిష్టపడక, విమానము నడపుట నేర్చుకొందునని పట్టుబట్టుచున్నారు. “ముందు డిగ్రీ చేతికి రానిమ్ము, తరువాత నీ యిష్టము” అని తండ్రి యనును. “ఆ మూడేండ్లలో నేను విమానము నడపి సంపాదించుచుందును గదా, నాన్నగారూ” అని బిడ్డ యనును. ఇద్దరి మాటలును సబబుగానే తోచును.

ఇది యొక వృత్తిని ఎన్నుకొనుటకు సంబంధించిన చిన్న విషయమని కొందరనుకొనవచ్చును. మాకట్లు తోచదు. ఈ వాదము నడుమ మూడు ధర్మసందేహములు ఇమిడియున్నవి. విద్య యనగా నేమి, అది బ్రతుకుతెరువు చూపుటతో తీరిపోవునా యనునది మొదటిది. ఇంటివారందరి సొత్తును ఒక్కరి సాహసమునకు ఒడ్డవచ్చునా యనునది రెండవది. యువజనుల జీవితమును నిర్ణయించు నధికార మెవరిది యనునది మూడవది. ఈ మూటిని కలగాపులగము చేయుటచేతనే యిండ్లలో వాదములు తెగక కంటతడితో ముగియుచున్నవి. వీనిని వేరువేరుగా విచారించుట మేలు.

ముందుగా విషయమెట్టిదో తెలిసికొందము. మన దేశమున వాణిజ్యవిమానములు నడపుటకు కావలసిన లైసెన్సునకు డిగ్రీ అక్కరలేదు. పదునెనిమిదేండ్లు నిండియుండవలెను. ఇంటరులో భౌతికశాస్త్రమును గణితమును చదివియుండవలెనను నిబంధన చిరకాలముగా నడచుచు వచ్చినది. కన్ను, చెవి, గుండె మొదలగువాని పరీక్షలలో దేహము నెగ్గవలెను. మార్గనిర్ణయము, వాతావరణశాస్త్రము, విమానయాన నిబంధనలు, యంత్రవిజ్ఞానము అను విషయములందు ప్రభుత్వము జరుపు పరీక్షలలో నూటికి 70 మార్కులు రావలెను. ఆపైన 200 గంటలు విమానము నడపవలెను. అందులో 100 గంటలు తానే ప్రధానచోదకుడై నడపవలెను. 5 గంటలు రాత్రివేళ నడపవలెను. 300 నాటికల్ మైళ్లకు తక్కువ కాని దూరప్రయాణమొకటి చేసి రావలెను. అన్నియు సక్రమముగా సాగినచో ఇది రెండేండ్ల పని. రాయబరేలీ చెంత ఫుర్సత్‌గంజ్‌లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన అకాడమీ కలదు. దేశమంతటను ఇతర శిక్షణాలయములును కలవు. ఖర్చు మాత్రము అర్ధకోటి రూపాయలకు పైమాట. లైసెన్సు వచ్చిన పిమ్మట ఎయిర్‌బస్సో బోయింగో నడపుటకు మరల ప్రత్యేకశిక్షణ పొందవలెను. దానికి మరికొన్ని లక్షలు.

ఇక మొదటి సందేహము. మన సంఘమున చేతిపనికన్న పుస్తకపు చదువు మిన్నయను భావము తరతరములుగా పాతుకొనియున్నది. శ్లోకము వల్లించువానికి అరుగుమీద చోటు, పనిముట్టు పట్టువానికి వాకిట చోటు. వడ్రంగి కొలతలోని క్షేత్రగణితమును, కుమ్మరి ఆవములోని అగ్నిజ్ఞానమును మనము విద్యగా లెక్కింపలేదు. ఆ దురభిమానమే ఇప్పుడు క్రొత్తవేషమున వచ్చుచున్నది. డిగ్రీ లేని విమానచోదకుని గురించి “ఎంతైనను డ్రైవరే గదా” అని పెదవి విరుచువారే, అతని జీతమెంతో విన్న మరుక్షణమున “కెప్టెనుగారు” అని సంబోధింతురు. మొదటి మాటలో పనిపట్ల చులకన యున్నది. రెండవ మాటలో ధనముపట్ల వినయమున్నది. విద్యపట్ల గౌరవము రెంటిలోను లేదు.

నిజమునకు విమానము నడపుట శాస్త్రము లేని విద్య కాదు. ఎత్తు పెరిగినకొలది గాలి పలుచబడుట, ఎండవేడిమికి రెక్కల పట్టు తగ్గుట, మేఘములోని నీరు రెక్కలపై మంచుగా పేరుకొనుట, ఎదురుగాలి యెంత యున్నచో ఇంధనమెంత పట్టునో లెక్కకట్టుట, ఇవి యేవియు తెలియక ఆ పీఠమున కూర్చుండరాదు. కళాశాలలో ఇవే విషయములు ప్రశ్నపత్రమున వచ్చును. తప్పు వ్రాసినచో మార్కులు పోవును. గాలిలో ఇవే ప్రశ్నలు వేరొక విధమున వచ్చును. తప్పు చేసినచో వెనుకనున్న నూరుమందికి కీడు మూడును. ఇట్టి శిక్షణను విద్య కాదనుట అవివేకము.

అట్లని విశ్వవిద్యాలయము అనవసరమనుటయు అంతే అవివేకము. డిగ్రీ లేని ఘనులను ఏకరువు పెట్టుట ఈ వాదములో అలవాటైనది. వారిలో మొదట చెప్పబడువారు జె.ఆర్.డి. టాటాగారు. 1929లో భారతదేశమున తొలి పైలటు లైసెన్సు పొందినవారు ఆయనయే. 1932 అక్టోబరు 15న కరాచీనుండి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలాసంచులతో చిన్నవిమానమును తానే నడపి, ఈ దేశపు విమానసర్వీసులకు నాంది పలికినవారును ఆయనయే. ఆయనకు డిగ్రీ లేదు. అయితే ఇచ్చట మరువరాని సంగతి యొకటి కలదు. కేంబ్రిడ్జిలో చదువవలెనని ఆయన కోరుకొనెను. 1925లో తండ్రి వ్యాపారమునకు పిలువగా ఆ కోరిక విడువవలసివచ్చెను. ఆ లోటు ఆయనను జీవితాంతము బాధించెను. పుస్తకములు తెప్పించుకొని స్వయముగా చదివి దానిని పూరించుకొనెను. 1945లో భాభాగారి ప్రయత్నమున బొంబాయిలో మౌలికపరిశోధనసంస్థ వెలసినప్పుడు దానికి అండగా నిలిచినవారిలో ఆయన యొకరు. డిగ్రీ లేనివాడు గొప్పవాడాయెనను సంగతిని మనవారు చూపుదురు గాని, అతడు చదువును తృణీకరింపలేదను సంగతిని చూపరు. పైగా ఆయనకు పుట్టుకతోనే యొక పెద్దసంస్థ అండ యుండెను. మన మధ్యతరగతి బిడ్డకు ఆ అండ లేదు.

దీనికి ఎదురుగా అబ్దుల్ కలాంగారి జీవితమును చూడుడు. ఆయన కోరినది యుద్ధవిమానచోదకత్వము. డెహ్రాడూనులో జరిగిన ఎంపికలో ఆయనకు తొమ్మిదవస్థానము వచ్చెను, ఎనమండుగురినే తీసికొనిరి. ఆ దినమున ఆయన దుఃఖమెంతటిదో తన స్వీయచరిత్రలోనే చెప్పుకొనెను. కాని ఆయన చేత విమానయంత్రశాస్త్రపు చదువు ఉండెను. ఒక తలుపు మూసికొనిపోయినను ఆ చదువు మరియొక తలుపు తెరచెను. రాకెట్ల నిర్మాణమున దేశమునకు సేవచేసి, 2002లో రాష్ట్రపతి యాయెను. 2006లో, డెబ్బదినాలుగవ యేట, పూనాలో సుఖోయ్ యుద్ధవిమానమున సహచోదకపీఠమున కూర్చుండి ఆకాశమున విహరించెను. కోరినది దక్కనప్పుడు మనుష్యుని నిలువబెట్టునది యేది యను ప్రశ్నకు ఈ జీవితమొక సమాధానము.

అయినను ఒకరిద్దరి జీవితములనుండి సూత్రము తీయరాదు. ప్రపంచము ఈ రెండు విద్యలకును ఎట్లు వెలకట్టుచున్నదో చూతము. అమెరికాలో 2009లో బఫెలో నగరసమీపమున జరిగిన విమానప్రమాదమునకు పిమ్మట, ప్రయాణికుల విమానములలో సహచోదకునికి సైతము 1500 గంటల అనుభవముండవలెనని 2013లో నియమము చేసిరి. ఆ నియమములోనే యొక సడలింపు కలదు. విమానయానవిషయమున నాలుగేండ్ల డిగ్రీ పొందినవానికి 1000 గంటలు చాలును. అనగా శాసనకర్తలు ఆ విశ్వవిద్యాలయపు చదువును 500 గంటల ఆకాశానుభవముతో సమముగా తూచిరి. ఇటు చూడగా, ఆ దేశపు పెద్ద విమానసంస్థలలో నొకటియగు డెల్టా, చోదకులకు డిగ్రీ తప్పనిసరి యను తన నియమమును 2022 జనవరిలో తొలగించెను. ఒకరు డిగ్రీకి గంటలతో వెలకట్టిరి. మరియొకరు అది లేకున్నను సరియేయనిరి. ఉద్యోగమిచ్చువారి తూనిక అవసరమును బట్టి మారుచుండునని దీనివలన తెలియుచున్నది. అట్టి తూనికను పట్టుకొని చదువు విలువను నిర్ణయింపబూనుట ఇసుకపై గోడ కట్టుటయే.

అయినచో చదువు విలువ ఎచ్చట నున్నది? ఒక దృష్టాంతము చెప్పుదుము. 2010 మే 22న దుబాయినుండి వచ్చిన విమానము మంగుళూరులో దిగుచు, కొండపైనున్న రన్‌వే దాటి లోయలో పడి 158 మంది మరణించిరి. విమానము ఉండవలసిన యెత్తున లేదని గ్రహించిన సహచోదకుడు దిగవద్దనియు, మరల పైకి లేపవలెననియు హెచ్చరించెను. ప్రధానచోదకుడు వినలేదని విచారణలో తేలినది. అంతకు పూర్వము 1977 మార్చి 27న కనరీ దీవులలోని టెనెరిఫ్‌లో, పొగమంచులో రెండు పెద్దవిమానములు రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించిరి. అచ్చటను, ఎదుటి విమానము తొలగినదా యని యంత్రనిపుణుడు సందేహము వెలిబుచ్చెను; అనుభవజ్ఞుడైన ప్రధానచోదకుడు దానిని త్రోసివైచెను. పెద్దవానిని ప్రశ్నించుటకు చిన్నవానికి ధైర్యముండవలెననియు, చిన్నవాని మాట వినుటకు పెద్దవానికి వినయముండవలెననియు ప్రపంచమునందలి విమానసంస్థలు ఇట్టి ఘోరములవలననే నేర్చుకొని, ఆ విషయమున ప్రత్యేకశిక్షణ నియ్యసాగినవి.

సందేహించుట, సందేహమును మర్యాదతోను దృఢముగాను పలుకుట, ఇతరుని సందేహము విని తన నిశ్చయమును మార్చుకొనుట, ఇవియే ఉన్నతవిద్య యొసగదగిన గుణములు. విమానశిక్షణాలయము క్రమమును నేర్పును. చెప్పినది చెప్పినట్లు, వరుస తప్పక చేయుట నేర్పును. అది ప్రాణప్రదమైన గుణమే. కాని క్రమము తప్పినప్పుడు ఏది చేయవలెనో తెలిసికొనుటకు విశాలమైన మనస్సు కావలెను. చరిత్రను, అర్థశాస్త్రమును, సాహిత్యమును, తనకన్న వేరైన మనుష్యులను ఎరిగిన మనస్సు తన పొరపాటును ఊహింపగలదు. విశ్వవిద్యాలయము ధర్మమిది.

కాని, చదువరులారా, మన కళాశాలలు ఈ ధర్మమును నెరవేర్చుచున్నవా? నోట్సులు వల్లించి, వానిని మూడుగంటలలో కక్కి, మరునాటికి మరచు చదువు ఎవరి సందేహశక్తిని పెంచినది? గురువును ప్రశ్నించిన విద్యార్థిని మొండివానిగా చూచు తరగతిగదినుండి, కెప్టెనును ప్రశ్నింపగల చోదకుడు వచ్చునా? హాజరుపట్టికలో పేరుండుటయే గాని గ్రంథాలయమున అడుగుపెట్టని పట్టభద్రులు మన చుట్టును లేరా? కావున “డిగ్రీ ఉన్నచో విద్య ఉన్నట్లే” యను తండ్రిమాటలో సగమే నిజమున్నది. డిగ్రీ చదువుటకు అవకాశము, చదువు కాదు. అవకాశమును వాడుకొననివాడు మూడేండ్లు పోగొట్టుకొన్నవాడే. ఈ విషయమున బిడ్డవాదమునకు బలము చేకూర్చినది మన విద్యాశాలల దుస్థితియే యని మేమనక తప్పదు.

ఇక రెండవ సందేహము, ధనమును గూర్చినది. తన కష్టార్జితమును తన బిడ్డకు వెచ్చించుకొనుట తండ్రి యిష్టమని చట్టమనును. కాని అర్ధకోటి రూపాయలు నిలువచేసికొన్న ఉపాధ్యాయులు, గుమాస్తాలు, రైతులు మనలో నెందరు? ఇంత పెద్ద ఋణమునకు బ్యాంకువారు ఇల్లో పొలమో తాకట్టు అడుగుదురు. డిగ్రీ చదువులో తప్పినవాడు ఒక యేడు నష్టపడును. విమానశిక్షణ సగములో ఆగినచో, లేదా లైసెన్సు వచ్చియు ఉద్యోగము రానిచో, ఇల్లంతయు నష్టపడును. ఈ వృత్తికి ఒడుదొడుకులు అధికము. కింగ్‌ఫిషర్ సంస్థ 2012 అక్టోబరులో విమానములు నిలిపివేసెను. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న నిలిచెను. గో ఫస్ట్ 2023 మే నెలలో ఆగెను. కరోనా మహమ్మారి కాలమున 2020 మార్చి 25నుండి రెండునెలలపాటు దేశములో ప్రయాణికుల విమానమే యెగురలేదు. మబ్బులేని దినమున ఉద్యోగములు విరివిగా నుండును. ఆ దినములలో ప్రకటనలు చూచి చేరినవాడు శిక్షణ ముగించునప్పటికి ఆకాశమెట్లుండునో ఎవ్వరు చెప్పగలరు?

ఈ నష్టము సంభవించినచో ఎవరు మోయుదురు? అన్నశిక్షణకై పొలము తాకట్టుపడిన యింట, చెల్లెలి చదువు ఏమగును? ఈ ప్రశ్న మన యిండ్లలో అడుగబడకపోవుట మాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది. ఆంధ్రప్రదేశమున 1986లో చేసిన సవరణచట్టము ఉమ్మడి యాస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కునిచ్చెను. 2005లో కేంద్రచట్టము ఆ హక్కును దేశమంతటికిని విస్తరింపజేసెను. చట్టము మారినను లెక్కలు మారలేదు. కుమారుని సాహసమునకు ఒడ్డబడిన యెకరములలో కుమార్తె వాటా ఎంతయో లెక్కించి, ఆమెతో మాటాడి, ఆమె సమ్మతి తీసికొన్న తండ్రులు ఎందరుందురు? ఆమె చిన్నది, అడుగనేల యందురు. చిన్నది గనుకనే అడుగవలెను. తనకై తాను అడుగలేనివారి పక్షమున అడుగుటయే గదా న్యాయము.

ఇంతకన్న హీనమైన లెక్క మరియొకటి కలదు. “ఎంత ఖర్చైన నేమి, పైలటు పెండ్లికొడుకునకు కట్నము రూపమున తిరిగివచ్చును” అని బహిరంగముగనే యనువారున్నారు. 1961లోనే వరకట్నము చట్టవిరుద్ధమాయెను. బిడ్డ విద్యకు పెట్టిన సొమ్మును మరియొకరి బిడ్డ తండ్రినుండి రాబట్టదలచుట, తన సాహసమునకు పరుల కుటుంబమును పూటకాపు చేయుటయే. ఈ లెక్కతో ఆకాశమున కెగిరినవాడు ఎంత యెత్తున కెగిరినను నేలమీది సంతలోనే యున్నాడు. ఆ చదువు ఏ విశ్వవిద్యాలయములోనిదైనను ఇదే మాట.

ఈ సందర్భమున కుమార్తెల విషయము వేరుగా చెప్పవలసియున్నది. కుమారుడు విమానము నడపుదునన్నచో ఖర్చు గూర్చి చర్చ జరుగును. కుమార్తె యన్నచో చర్చయే జరుగదు, నవ్వు జరుగును. ఇది కొత్తమాట కాదు. 1936లో సరళా ఠక్రాల్ అను ఇరువదియొక్క యేండ్ల గృహిణి చీరకట్టుతోనే ఒంటరిగా విమానము నడపెను. 1947లో ప్రేమ్ మాథుర్ వాణిజ్యలైసెన్సు పొందిన తొలి భారతీయమహిళ యాయెను. స్త్రీ యను కారణమున పలుసంస్థలు ఆమెను నిరాకరింపగా, హైదరాబాదు కేంద్రముగా నడచిన దక్కన్ ఎయిర్‌వేస్ ఆమెకు ఉద్యోగమిచ్చెను. మన గడ్డకు ఇది గర్వకారణము. నేడు భారతదేశపు చోదకులలో నూటికి ఇంచుమించు పదునైదుగురు స్త్రీలు. ప్రపంచపు సగటుకన్న ఇది చాల ఎక్కువ. కావున శక్తియున్నదా యను ప్రశ్న ఏనాడో తీరిపోయినది. కుమారునకు ఏ ప్రశ్నలు వేయుదుమో ఆ ప్రశ్నలే కుమార్తెకును వేయవలెను; ఒకటి ఎక్కువ వేయరాదు, ఒకటి తక్కువ వేయరాదు.

కాలమును గూర్చిన వాదమును కొంచెము పరిశీలింతము. “ఇప్పుడు చేరకున్న మరల అవకాశము రాదు” అని యువకులు తొందరపడుదురు. ఇది నిజమా? మన దేశమున చోదకులు అరువదియైదేండ్ల వరకు విమానములు నడపవచ్చును. పదునెనిమిదవ యేట మొదలుపెట్టినవానికి, ఇరువదిరెండవ యేట డిగ్రీతో మొదలుపెట్టినవానికి మధ్య భేదము నాలుగేండ్లు. విమానసంస్థలలో ముందుచేరినవారికి ముందు పదోన్నతి కలుగును గనుక ఆ నాలుగేండ్లకు విలువ లేకపోలేదు. అయినను అది నలువది యేండ్ల వృత్తిలో నాలుగేండ్లు మాత్రమే. ఇటు విశ్వవిద్యాలయపు తలుపు కూడ తొందరగా మూసికొనునది కాదు. 1982లో హైదరాబాదున దేశములోనే మొదటి సార్వత్రికవిశ్వవిద్యాలయము వెలసెను. నేడు దానిని అంబేద్కరుగారి పేర పిలుచుచున్నాము. ఉద్యోగము చేయుచు చదువువారికొరకే అది పుట్టినది. కావున రెండు తలుపులును తండ్రి భయపడినంత గట్టిగాను, బిడ్డ తొందరపడినంత త్వరగాను మూసికొనునవి కావు. గట్టిగా మూసికొనునది ఒక్కటే, అప్పు.

సైన్యమువారు ఈ రెంటిని ఎన్నడును విరోధములుగా చూడలేదు. హైదరాబాదున నిజాము కళాశాలలో చదివి, 1966లో జాతీయ రక్షణ అకాడమీలో చేరి, వైమానికదళమున చోదకుడై, 1984లో అంతరిక్షమునకు పోయిన రాకేశ్ శర్మగారి పేరు మనకందరకు తెలిసినదే. నేడు ఆ అకాడమీలో శిక్షణతోపాటు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు డిగ్రీయు ఇత్తురు. శిక్షణవ్యయమును ప్రభుత్వమే భరించును. ధనము లేని యింటి బిడ్డకు ఆకాశము మూసివేయబడినదనుకొనువారు ఈ మార్గమును మరువరాదు; దానికి వెల సొమ్ము కాదు, దేశసేవకు ఒప్పుదల.

ఇక మూడవ సందేహము. నిర్ణయించువా రెవరు? తండ్రి పోషకుడు గనుక తండ్రియేయని కొందరు, జీవితము తనది గనుక బిడ్డయేయని కొందరు అందురు. మా యభిప్రాయమున ఈ ప్రశ్నను రెండుగా విడదీయవలెను. ఏ పని చేయుచు బ్రతుకవలెననునది బిడ్డ నిర్ణయింపవలసినది; ఇందులో తండ్రికి సలహాయే గాని ఆజ్ఞ లేదు. ఇంటిసొత్తులో ఎంత ఒడ్డవచ్చుననునది ఇంటివారందరును కలసి నిర్ణయింపవలసినది. ఇందులో బిడ్డకు ఒక వోటే గాని సర్వాధికారము లేదు. తండ్రులు ధనాధికారమును చూపి మనస్సును శాసింపజూచుటయు, బిడ్డలు మనస్సును చూపి ధనమును శాసింపజూచుటయు ఒకే తప్పునకు రెండు ముఖములు.

అయితే బిడ్డ తన మనస్సును తాను ఎరుగునా? పదునెనిమిదేండ్లకు ఎవరు ఎరుగుదురు? దీనికి ఉపాయము పరీక్షయే గాని నిషేధము కాదు. విమానాశ్రయమున నాలుగుచారల దుస్తులు చూచి పుట్టిన కోరికయా, లేక ఆ పనిపట్ల కోరికయా యని తెలిసికొనవలెను. ఆ పని యెట్టిదో దాచిపెట్టక చెప్పవలెను. తెల్లవారుజామున రెండుగంటలకు లేచుట, ఒకే పట్టికను వేయిమారులు చదివినను వేయిన్నొకటవమారు మొదటిమారువలెనే శ్రద్ధగా చదువుట, ఆరుమాసముల కొకమారు నైపుణ్యపరీక్షకు, ఏటేట వైద్యపరీక్షకు తలయొగ్గుట, పండుగనాడు ఇంట లేకుండుట, కన్నో గుండెయో ఒకనాడు మందగించినచో వృత్తియే పోవుట, ఇదియంతయు ఆ పనియే. ఇది విన్న పిమ్మటను కోరిక చావకున్నచో అది గౌరవింపదగిన కోరిక. అన్నిటికన్న ముందు వైద్యపరీక్ష చేయించవలెను. రంగులు గుర్తింపలేని కంటికి లక్షలు పోసిన పిమ్మట ఆ నిజము తెలియుటకన్న, కొద్దిపాటి ఖర్చుతో ముందే తెలియుట మేలు. ఇంత సులభమైన పనిని చివరకు వాయిదా వేయువారిని చూచి మేము ఆశ్చర్యపడుచుందుము.

ఈ విచారమువలన మాకు తోచిన తీర్పు ఇది. తాకట్టు లేక, తోబుట్టువుల చదువునకు లోటు రాక, శిక్షణవ్యయమును భరింపగల యింట, దేహమును కోరికయు పరీక్షకు నిలిచినచో, బిడ్డను విమానశిక్షణకు పంపుట తప్పు కాదు. అట్టివాడు సార్వత్రికవిశ్వవిద్యాలయమున చేరి చదువు సాగించుట అతని బాధ్యత. ఉద్యోగము పోయిన దినమున అది అన్నము పెట్టును, ఉద్యోగమున్న దినమున మనస్సును విశాలము చేయును. ఇల్లు తాకట్టుపెట్టినగాని గడువని యింట, ముందు డిగ్రీయే న్యాయము. అది విమానము నీచమగుటవలన కాదు. నష్టమును మోయవలసినవారు ఆ నిర్ణయములో పాలుగొననివారగుటవలన. డిగ్రీ పొంది, స్వయముగా సంపాదించి, కొంత తానే కూడబెట్టి, ఇరువదియైదవ యేట శిక్షణకు పోవువాడు ఆలస్యముగా పోయినవాడు కాడు. తన సాహసపు భారమును తానే మోయువాడు. కట్నము లెక్కలో వేసికొని పంపు ఇల్లు మాత్రము ఏ మార్గమునను పంపదగినది కాదు.

డిగ్రీకన్న విమానము గొప్పదా, విమానముకన్న డిగ్రీ గొప్పదా యని వాదించుట మానుదము. బిడ్డ తాను కోరినది పొందలేని దినమున గూడ తలయెత్తి నిలువగలడా, తాను కోరినది పొందుటకు ఇతరుల బ్రతుకును త్రొక్కకుండ నుండగలడా, పెద్దవాడు తప్పుచేయుచున్నప్పుడు “ఆగుడు” అనగలడా, చిన్నవాడు “ఆగుడు” అన్నప్పుడు ఆగగలడా, ఈ ప్రశ్నలకు ఔనని చెప్పగలుగునట్లు పెంచుటయే విద్య. అట్లు పెరిగిన బిడ్డను తరగతిగదిలో కూర్చుండబెట్టినను, కాక్‌పిట్టులో కూర్చుండబెట్టినను, వెనుక కూర్చున్నవారు నిశ్చింతగా నిద్రింపవచ్చును.